డ్రిప్ నెమ్మదిగా పెట్టమని

సుగుణా,

నువ్వు పోయాక మొదటిసారి ఇవాళ కంకిపాడు నుంచి ఒక్కణ్ణే బెజవాడ ఆసుపత్రికి వెళ్లి, నా నరాల జబ్బుకు నెలనెలా ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకున్నాను. తలనొప్పి రాకుండా ముందురోజు నుంచీ నీళ్లు తాగమని వెంటపడేవాళ్లు లేక సరిగా తాగలేదు. కొత్త నర్సు డ్రిప్ వేగం పెంచింది. కాసేపటికి తలనొప్పి, చలి, వణుకు. అయినా అలవాటు కొద్దీ నోరు మెదపలేదు. ఆమే గమనించి, డ్రిప్ ఆపి డాక్టరును పిలిచింది.

"మీకు స్పీడు పడదని ముందే చెప్పాలి కదండీ?"

"ఇన్నాళ్లూ మా ఆవిడ చెప్పేదమ్మా."

వణుకు తగ్గాక డాక్టరు చెప్పినట్టు నర్సు బాగా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టింది. అయ్యేసరికి సాయంత్రమైంది. ఒళ్లంతా అలసట. ఆ వేగం ఎంతో కాగితం మీద రాయించుకున్నాను.

"వచ్చేసారి మీతో ఎవరొస్తారండీ?" అంది.

"ఎవరూ రారమ్మా. నేనే చెప్తాను" అన్నాను.