నా వాయిదా నాకు తిరిగివ్వండి

గుంటూరు,
ఏప్రిల్ 7

బ్రాంచి మేనేజరు గారికి,

రిటైర్డు లైబ్రేరియన్ గౌస్ బాషా నమస్కరించి రాస్తున్నది. మా ఇంటి అప్పు మీ దగ్గరే ఉంది. అప్పు మా అబ్బాయి అనీస్ పేరు మీద, స్థలం నా పేరు మీద, కాబట్టి కాగితాల మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. వడ్డీ తగ్గిందనీ, వచ్చే నెల నుంచి వాయిదా తగ్గుతుందనీ మావాడికి ఫోనులో కబురు పంపారు. ఎవరిని అడిగి తగ్గించారు?

నా ఉద్యోగమంతా చీరాల లైబ్రరీలో గడిచింది. అడక్కుండా మేలు చేసేవాళ్లను చరిత్ర పుస్తకాల్లో చాలామందిని చూశాను. వాళ్లు ముందు మేలు చేసి, తర్వాత కోట పట్టుకున్నారు.

దయచేసి పాత వాయిదానే మళ్లీ పెట్టించండి. ఆలస్యమైతే మా ఇంట్లో జరిగే నష్టానికి మీదే పూచీ.

ఇంతవరకు ఎవరి దయా కోరని,
గౌస్ బాషా

తా.క. మీ యాప్‌లో ఫిర్యాదు చేయబోతే, నేను మనిషినేనని రుజువు చేసుకోమని ట్రాఫిక్ లైట్ల బొమ్మలు చూపించింది. ఆ పరీక్ష తప్పాను. అందుకే ఉత్తరం.

*

ఏప్రిల్ 10

గౌరవనీయులైన గౌస్ బాషా గారికి,

మీ ఉత్తరం అందింది. వాయిదా విషయంలో మీరు పడుతున్న ఇబ్బంది అర్థమైంది. ఈ వయసులో అప్పు భారం ఎంత బాధో నేను ఊహించగలను. అధైర్యపడకండి. గడువు పొడిగిస్తే మీ వాయిదా ఇంకా తగ్గించవచ్చు. ఫారం జతచేశాను, సంతకం పెట్టి పంపితే చాలు.

మీ సేవలో,
జ్యోతిర్మయి, మేనేజరు

తా.క. మీ దస్తూరీ ముత్యాల్లా ఉంది. మా ఇంట్లో పెద్దాయన కవరు మీద చిరునామా చూసి, “ఈ చేతిరాత ఎక్కడో చూశానే” అన్నారు.

*

ఏప్రిల్ 12

మేనేజరమ్మ గారికి,

నా ఉత్తరం చదవకుండానే జవాబు రాశారు. అట్ట చూసి సమీక్ష రాసే పెద్దమనుషులు నాకు కొత్తకాదు. చీరాలలో వెంకటనారాయణ అని ఒక తెలుగు లెక్చరరు ఉండేవాడు. అట్టతో ఆగితే బాగుండేది. తీసుకెళ్లిన ప్రతి పుస్తకం అంచుల్లో పెన్సిలుతో తప్పులు దిద్ది తెచ్చేవాడు. రబ్బరు పెట్టి చెరిపీ చెరిపీ నా వేళ్లు అరిగాయి. ఆ కోపం నాకింకా తీరలేదు. దాన్ని మీ మీద చూపించను. ఈసారి మాత్రం చదవండి.

ఉదయంపూట నేను మిర్చియార్డులో ఒక కమీషను కొట్లో చీటీలు రాస్తాను. ఏ రైతువి ఎన్ని టిక్కీలు, అంటే బస్తాలు, వచ్చాయి, కాయ ఏ రకం, ఏ ధర పలికింది. నా జీతం వాయిదాలో కలుస్తుంది. అనీస్‌కి మోటార్ల వైండింగు షాపుంది. వాడు ఆదివారం కూడా పనిచేసి మిగతాది సర్దుతాడు. మీ కబురు వచ్చిన రోజు అన్నం దగ్గర వాడన్నాడు: “నాన్నా, ఇక ఆ ఘాటులో తుమ్ముకుంటూ కూర్చోవద్దు. నాకు ఆదివారం సెలవు, నీకు రోజూ సెలవు. హాయిగా ఇంట్లో ఉండు.”

హాయిగా ఇంట్లో ఉన్నవాళ్లను మా వీధి పార్కులో చూస్తూనే ఉన్నాను. పొద్దున షుగరు గురించి మాట్లాడతారు, సాయంత్రం బీపీ గురించి. కొట్లో నాకు కిటికీ పక్కన కుర్చీ ఉంది. టీ వేళకి హమాలీలు చుట్టూ చేరతారు. పేపరు చదివి, సంపాదకుడికి బుద్ధి ఎక్కడ తక్కువైందో చెబుతాను. కాయలు ఏరే మస్తాన్‌బీ అయితే “తాతా, ఇవాళ ఎవర్ని తిడతావు?” అని అడిగి మరీ కూర్చుంటుంది. ఇంట్లో నన్నలా అడిగేవాళ్లు లేరు.

నెలాఖరుకి మానిపిస్తానని మావాడు కొట్టు యజమానికి చెప్పబోతున్నాడు. వాయిదా తగ్గకపోతేనే నా కుర్చీ నాకుంటుంది. విషయం ఇదీ.

కుర్చీ ఊడబోతున్న,
గౌస్ బాషా

తా.క. జరిమానా లాంటిదేమైనా వేయడానికి వీలుందా? కారణం నేను సమకూరుస్తాను.

*

ఏప్రిల్ 16

గౌరవనీయులైన బాషా గారికి,

ఈసారి రెండుసార్లు చదివాను. చదివి కలవరపడ్డాను. కొడుకు మిమ్మల్ని గడప దాటనివ్వకుండా చేస్తున్నాడన్నమాట. మొదటి ఉత్తరంలో మీరు రాసిన ‘నష్టం’ ఏమిటో ఇప్పుడు తెలిసింది. పెద్దవాళ్ల రక్షణ గురించి మాకు పోయిన నెలలోనే శిక్షణ ఇచ్చారు. మా ఫీల్డాఫీసరు ఇమ్మానియేలు గారిని పంపుతున్నాను. ఇంట్లోవాళ్ల ముందు మీరేమీ చెప్పనక్కర్లేదు. కష్టంలో ఉంటే చెవి గోక్కోండి. ఆయన గ్రహిస్తారు.

మీకు అండగా,
జ్యోతిర్మయి

తా.క. మా పెద్దాయన మీ ఉత్తరం చూపించమని వెంటపడుతున్నారు. ఆఫీసు కాగితం, కుదరదని చెప్పాను. రెండు పూటలుగా నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

*

ఏప్రిల్ 21

మేనేజరమ్మ గారికి,

మీ ఇమ్మానియేలు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం చంకలో ఫైలుతో వచ్చి, ముందు మా ఇంటికి ఫొటో తీశాడు. ఎదురింటి వెంకటేశ్వరమ్మ గారు అది చూసి, బాషా గారి ఇల్లు జప్తుకొచ్చిందని వీధి చివరిదాకా చెప్పేసింది. మా కోడలు రుక్సానా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. గుడ్డలిచ్చినవాళ్లందరూ వచ్చి, కుట్టినవీ కుట్టనివీ పట్టుకుపోయారు.

నేనప్పుడే యార్డు నుంచి వచ్చాను. మీరు రాసిన గుర్తు నాకు గుర్తుంది, చేతులు కట్టుకునే కూర్చున్నాను. కానీ చెవి మీద దోమ వాలింది. కాయలు పట్టిన చేత్తో చెవి ముట్టుకుంటే ఏమవుతుందో యార్డు మొహం చూసినవాళ్లకి తెలుసు. ఒక చెవితో మొదలై రెండు చెవులూ గోక్కున్నాను, కళ్లనీళ్లు కూడా కారాయి. మీవాడు లేచి, కన్నతండ్రి గొప్పతనం మీద, అన్నానికి ఇంటికొచ్చిన అనీస్‌కి ఉపన్యాసం ఇచ్చాడు. అందులో రెండు సమాసాలు తప్పు.

అనీస్ అన్నం ముందు నుంచి లేచి షాపుకి వెళ్లిపోయాడు. ఆ ఉపన్యాసం వాడికి చెందదమ్మా. నేను ఆ ఘాటులో కూర్చోవడం చూడలేకే వాడు మానేయమన్నాడు. వాడు దుర్మార్గుడైతే నేను పోట్లాడి గెలిచేవాణ్ణి. మంచివాడితో ఎలా పోట్లాడాలో నేను చదివిన పుస్తకాల్లో లేదు.

తగ్గిన వాయిదా తగ్గినట్టే ఉంచండి. వాడి ఆదివారం వాడికి ఉండనివ్వండి. కుర్చీ వదిలేస్తున్నాను.

అర్జీ వెనక్కి తీసుకుంటూ,
గౌస్ బాషా

తా.క. ఇక తీరికే కాబట్టి మీ బ్యాంకువాళ్ల తెలుగు ప్రకటనలుంటే పంపండి. తప్పులు దిద్ది పంపుతాను. పెన్సిలుతోనే.

*

ఏప్రిల్ 25

బాషా గారికి,

ముందుగా క్షమాపణ. ఇమ్మానియేలు గారు నిన్న వెంకటేశ్వరమ్మ గారింటికి వెళ్లి, జప్తు ఏమీ లేదని వీధికంతా వినపడేలా చెప్పి వచ్చారు. వాళ్లావిడ జాకెట్లు కూడా మీ కోడలికే ఇస్తున్నారు.

ఇక అసలు సంగతి. నిన్న రుక్సానా మీ అబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె రావడం ఇది రెండోసారి. మీ మొదటి ఉత్తరం కంటే ముందే వచ్చి, “వాయిదా తగ్గించొద్దు మేడమ్, కావాలంటే గడువు తగ్గించండి” అని అడిగింది. అప్పు ఆమె పేరున లేదు కదా, భర్త సంతకం కావాలని పంపేశాను. నిన్న కారణం అడిగాను.

“పోయిన మే నెలలో యార్డుకి సెలవులిచ్చారు మేడమ్,” అంది. “మామయ్య ఇంట్లోనే ఉన్నారు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకి పట్టుబట్టల చరిత్ర చెప్పారు. ఒకావిడకి, తన పేరే తప్పు రాసుకుంటోందని చెప్పారు. ఆవిడ మళ్లీ రాలేదు. మామయ్య అంటే నాకు ప్రాణం. ఉదయంపూట మాత్రం కాదు.”

మీ కుర్చీ సంగతి నేను చెప్పాను. అనీస్ “నాన్న కష్టపడుతున్నాడనుకున్నాను, అడగలేదు” అన్నాడు.

ముగ్గురం కూర్చుని లెక్క చూశాం. తగ్గిన వడ్డీలో సగం వాయిదాకి, సగం గడువుకి సర్దాం. ఆదివారం అనీస్‌ది, యార్డు మీది, ఉదయం రుక్సానాది. మీ సంతకం ఒక్కటే తక్కువ. వచ్చి పెట్టండి, చేతులు కడుక్కుని రండి.

ఇకమీదట ఉత్తరాలు చివరిదాకా చదివే,
జ్యోతిర్మయి

తా.క. మా ఇంట్లో పెద్దాయన మా మామగారు. చీరాల కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పేరు వెంకటనారాయణ. మీ చేతిరాత నిన్న గుర్తుకొచ్చిందట. లైబ్రరీ పుస్తకాల్లో “అంచులు చదువరివి కావు” అని రాసిపెట్టింది మీరేనటగా. ఈ ఉత్తరం చిత్తు కాగితం మీద కూడా పెన్సిలుతో దిద్దారు. ఆయనకి యార్డు లేదు, సెలవులూ లేవు, పొద్దస్తమానం ఇంట్లోనే. కాబట్టి ఇప్పుడు అర్జీ పెట్టుకోవడం నా వంతు. ఆ కిటికీ దగ్గర ఇంకో కుర్చీ పడుతుందా?