మామ రాయమన్న కార్డు

మంథని, ఆగస్టు 1988

మీకు నమస్కారం. ఇక్కడ అందరం బాగున్నాము, ఫికర్ పడకండి.

మొన్న కరెంటు ఒక ఫేజు పోయింది. పట్నంలో కరెంటు ప్యానెళ్ల పనికి పోయేముందు మీరు స్టార్టరుకు బిగించిన రిలే, మన బావి మోటరును కాలకముందే ఆపేసింది. నాట్లు ఎండుతున్నాయని మామ ఆ రిలేను తీసేసి వైరు నేరుగా కలపబోయారు.

“మామా, గట్ల జేస్తే మోటరు కాలిపోతది. లైన్‌మన్ వచ్చేదాంక జర ఆగుండ్రి” అని స్టార్టరు డబ్బాకు అడ్డంగా నిలబడ్డాను. ఆయన కోపంతో అన్నం కూడా తినలేదు.

నిన్న లైను బాగయ్యాక మామే బటన్ నొక్కారు. పైపు నిండా నీళ్లు వచ్చాయి.

“వాడు నేర్సుకున్న పని మంచిదే, కోడలా. వానికి రాయి” అన్నారు.

వచ్చేటప్పుడు పక్క పొలం మొండయ్యకు కూడా ఒక రిలే తెండి. మీ దగ్గు తగ్గిందా?

సేద్యం విడిచి మీరు పోయిన రోజు నుంచి మీ పేరెత్తని మామ, అడ్రసులో మీ పేరు ముందు ‘చిరంజీవి’ అని రాయమన్నారు. రాశాను.

మీ సమ్మక్క