సొరతీగకు పుత్తూరు కట్టు

తిరుపతి, కొర్లగుంట,
ఆగస్టు నెల

మిద్దె మీది గదిలో అద్దెకుంటున్న అమ్మాయి ఉదయలక్ష్మికి, కింద ఉంటున్న ఇంటి ఓనరు మునిరత్నం దీవించి రాయునది.

విషయం: అర్ధరాత్రి మిద్దె మీద చప్పుడు గురించి.

మేము క్షేమం. నువ్వు క్షేమమేనని రాత్రిళ్ళు నీ అడుగుల చప్పుడు వింటే తెలుస్తూనే ఉంది.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని అనుకోవద్దు. నువ్వు రేణిగుంట ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి వచ్చేసరికి నేను గాఢనిద్రలో ఉంటాను. నేను లేచేసరికి నువ్వు పడుకుంటావు. ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. బస్టాండులో ఏళ్ళ తరబడి కంట్రోలరుగా చేసినవాణ్ణి, ఏదైనా కాగితం మీద ఉంటేనే నాకు తృప్తి. అందుకని గేటుకు తగిలించిన పాల సంచిలో ఇది పెడుతున్నాను. జవాబు కూడా అందులోనే పెట్టు.

మా పడకగది నెత్తిన ప్రతి రాత్రీ ఏదో బరువు ఈడుస్తున్న శబ్దం. కాసేపటికి నీళ్ళు పోస్తున్న శబ్దం. ఆ తర్వాత నువ్వు ఎవరినో బతిమాలుతున్నట్టు మాటలు. మీ ఆంటీ వరదమ్మ మెట్ల దగ్గర నిలబడి విన్నది. "రామ్మా, ఈ పొద్దన్నా నిలబడు, నా మాట ఇను" అంటున్నావట. మాకు నీ మీద మంచి అభిప్రాయమే ఉంది. ఆ అభిప్రాయానికి నిద్ర చాలడం లేదు.

ఇట్లు,
మునిరత్నం

తా.క. మన అగ్రిమెంటులో ఆరో షరతు ఒకసారి చదువుకో. మిద్దె కారుతుంది గనుక పైన తొట్లు, మట్టి, మొక్కలు పెట్టరాదు. చప్పుడుకూ దీనికీ సంబంధం లేదు. చదివి చాలా రోజులైంది కదా అని గుర్తు చేశాను.

*

మునిరత్నం సార్ గారికి, ఆంటీకి,

ఉదయలక్ష్మి నమస్కారాలు.

మీ నిద్ర చెడగొట్టినందుకు మన్నించండి. షిఫ్టు నుంచి వచ్చాక నాకు వెంటనే నిద్ర పట్టదు. గాలికి కాసేపు పైన అటూ ఇటూ నడుస్తాను. ఈడ్చిన శబ్దం కుర్చీది. నీళ్ళ శబ్దం కాళ్ళు కడుక్కోవడం. మాటలంటారా, నాలో నేను మాట్లాడుకునే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. మా ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆరో షరతు చదివాను సార్. చాలా బాగా రాశారు. అక్షరం మీద అక్షరం పడకుండా ఎంత నీటుగా ఉందో.

ఇకమీదట చెప్పులు లేకుండా నడుస్తాను.

మీ
ఉదయలక్ష్మి

తా.క. ఆంటీ వెనక పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగబెడతారు కదా. ఆ బూడిద పారబోయకుండా ఒక డబ్బాడు నాకు ఇప్పించగలరా? ఎందుకని అడగకండి.

*

శ్రీమతి/కుమారి ఉదయలక్ష్మి గారికి,

విషయం: బూడిద మరియు ఇతర వస్తువుల గురించి.

మీరు చెప్పులు విడిచాక పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉంది. ఇంతకు ముందు మీరు ఎక్కడ ఉన్నారో తెలిసేది. ఇప్పుడు అదీ తెలియక ఇద్దరమూ కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాము.

మా మోకాళ్ళకు మెట్లు పడవు గనుక మేము పైకి రాలేము. కానీ గాలికి పైనుంచి వాకిట్లో రాలిన వస్తువులను వరదమ్మ వారం రోజులుగా చీపురుతో పోగు చేస్తూ ఉంది. ఎర్ర దారం ముక్కలు. పసుపు. కోడిగుడ్డు పెంకుల పొడి. నిన్నటి రోజున ఒక గుప్పెడు వెంట్రుకలు, అవి కూడా ఒక్క తల వెంట్రుకలు కావు. నల్లవి, తెల్లవి, రంగు వేసినవి కలిసి ఉన్నాయి. వాటికి తోడు మీరు బూడిద అడిగారు.

శ్రీకాళహస్తి నుంచి మా బావమరిది యోగానంద వచ్చాడు. ఇట్లాంటి విషయాల్లో అతనికి తెలియనిది లేదని అతనే చెబుతాడు. వెంట్రుకలు చూసి, "ఇది మామూలు యవ్వారం గాదు బావా, ఎవురికో గట్టిగా సేస్తా ఉండారు" అన్నాడు. ఆ "ఎవురికో" అన్నప్పుడు నా వైపే చూశాడు. ఆ రాత్రే నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

గేటుకు నిమ్మకాయలు, మిరపకాయలు, గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టించాము. ఇక తమరు ఈ నెలాఖరుకు గది ఖాళీ చేయవలసింది. లేనియెడల ఖాళీ చేయించవలసి వస్తుంది.

ఇట్లు,
మునిరత్నం

తా.క. బూడిద పంపడం లేదు.

*

మునిరత్నం సార్ గారికి,

నమస్కారాలు. మీరు నన్ను "మీరు" అన్నారంటేనే విషయం ముదిరిందని అర్థమైంది. ఇక దాచి లాభం లేదు. నిజం రాస్తున్నాను.

నీళ్ళ ట్యాంకు వెనకాల నేను ఒక సొరపాదు పెంచుతున్నాను. ఆరో షరతు తప్పాను. మట్టి నేల మీద పెట్టలేదు. ఇటుకల మీద టార్పాలిన్ పరిచి, దాని మీద పెద్ద సంచిలో పెట్టాను. మీ మిద్దెకు చుక్క నీరు దిగదు.

పోయిన సంవత్సరం మా అమ్మ పోయింది. పుత్తూరు దగ్గర మా ఊళ్ళో ఆమె పెట్టెలు సర్దుతుంటే ఎండిన సొరబుర్రలో గింజలు దొరికాయి. మా ఇంటి సొరకాయ మెడ మూరెడు పొడుగున, కొంగ మెడలా వంగి ఉంటుంది. అమ్మ ఏటా ఒక కాయను కోయకుండా తీగకే ఎండనిచ్చి గింజ దాచేది. ఆ రకం నేను ఇంకెక్కడా చూడలేదు. గింజలన్నీ నాటితే మొలిచింది ఒక్కటే. దీనికి ఒక్క కాయ ముదిరి ఎండితే చాలు, అమ్మ సొరకాయ మిగులుతుంది. లేదంటే నాతోనే ఆఖరు.

సొరపువ్వు పొద్దుగూకాక విచ్చుకుంటుంది, తెల్లారి ఎండకు వాడిపోతుంది. మా ఊళ్ళో అయితే చీకటి పురుగులే పుప్పొడి మోసేవి. ఈ వీధి లైట్ల మధ్య ఒక్కటీ రావడం లేదు. అందుకే షిఫ్టు దిగి వచ్చి మగపువ్వు తెంచి ఆడపువ్వుకు నేనే అద్దుతున్నాను. అద్దిన పువ్వుకు గుర్తుగా ఎర్ర దారం కడతాను. పసుపు చీమలకు, గుడ్డు పెంకులు ఎరువుకు, బూడిద ఆకు పురుగుకు. వెంట్రుకలు మన వీధి చివర సెలూన్లో అడిగి తెచ్చాను, కుదురు చుట్టూ వేస్తే ఎలుకలు రావని. నేను బతిమాలేది పిందెను. ఏడు పిందెలు రాలిపోయాయి సార్. ఎనిమిదోది నిలబడింది. ఇప్పుడు అరచెయ్యంత ఉంది. అది ఎండేదాకా నన్ను ఉండనివ్వండి. తర్వాత మీరు చెప్పిన రోజు వెళ్ళిపోతాను.

మీ
ఉదయలక్ష్మి

తా.క. గుమ్మానికి కట్టిన బూడిదగుమ్మడికాయ కింద నీరు కారుతోంది. ఎలాగూ తీసేస్తారు కదా, తీసినప్పుడు నాకిస్తే ఎరువులో వేసుకుంటాను.

*

ఉదయలక్ష్మి గారికి,

విషయం: నమ్మశక్యం కాని సంజాయిషీ గురించి.

కండక్టర్ల దగ్గర నేను వినని సంజాయిషీ లేదు. టికెట్లు మేక తిన్నదని చెప్పినవాణ్ణి కూడా చూశాను. సొరకాయకు మనిషి సాయం కావాలని చెప్పిన మొదటి మనిషి మీరే. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒక గింజ పడేస్తే గుడిసె మీదంతా కాసేది. ఎవరూ అర్ధరాత్రి లేచి దాన్ని బతిమాలలేదు. యోగానంద కూడా, దొరికిపోయినవాళ్ళంతా ఏదో ఒక కూరగాయ పేరు చెబుతారని అన్నాడు.

అయినా ఏకపక్షంగా తీర్పు చెప్పడం నా పద్ధతి కాదు. మోకాళ్ళు ఎట్లా ఉన్నా సరే, నేనే స్వయంగా పైకి వచ్చి ఆకస్మిక తనిఖీ చేస్తాను. ఏ రోజు, ఏ వేళ అన్నది చెప్పను.

ఇట్లు,
మునిరత్నం

తా.క. ఈ వారం మీ షిఫ్టు ఏదో తెలియజేయగలరు.

తా.క. 2. గుమ్మడికాయ ఇవ్వబడదు.

*

సెప్టెంబరు నెల

మునిరత్నం సార్ గారికి,

నమస్కారాలు. చెయ్యి ఎలా ఉంది? నన్ను చూడగానే మీరు కిటికీ మూసుకుంటున్నారు కనుక దీన్ని కూడా పాల సంచిలోనే పెడుతున్నాను.

నేను మిమ్మల్ని భయపెట్టాలని చేసింది కాదు. దోమలకు తెల్ల దుప్పటి కప్పుకున్నాను. చేతులు రెండూ పనిలో ఉన్నాయని టార్చిలైటు నోట్లో పెట్టుకున్నాను. వెనక నుంచి దగ్గు వినిపించి తిరిగాను, అంతే. నోట్లో లైటు ఉండబట్టి "సార్" అని పిలవలేకపోయాను. ఏదో ఒక శబ్దం మాత్రం వచ్చింది. మీరు వెనక్కి పరిగెత్తారు, కాలు తీగకు తగులుకుంది. మీ మణికట్టు, నా సొరతీగ ఒకేసారి విరిగాయి.

తెల్లవారి ఆంటీ, నేను మిమ్మల్ని కారులో పుత్తూరు తీసుకుపోయాము కదా. మీకు కట్టు కడుతున్నంతసేపూ నేను ఏడుస్తుంటే అక్కడివాళ్ళు మీ కూతురనుకున్నారు. సార్, నిజం చెబితే సగం ఏడుపే మీ కోసం. మిగతా సగం తీగ కోసం. కుదురుకు జానెడు పైన విరిగింది. పూర్తిగా తెగలేదు, ఒక పక్క నార పట్టుకుని ఉంది. పిందెకు పాలు అందేది ఆ నార గుండానే.

మీరు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు కట్టు కట్టే పెద్దాయనను వెదురుబద్ద ముక్కలు రెండు, గుడ్డ పేలిక ఒకటి అడిగాను.

"ఎవురికమ్మా?" అన్నాడు.

"సొరతీగకు."

ఆయన నవ్వలేదు. "ఇరిగి ఎంతసేపయింది? తడి ఉండాదా?" అని అడిగాడు. ఉందన్నాను. "బిగించి కట్టగాకు, ఊపిరాడల్ల. కట్టినాక కదిలించగాకు. ఎవురు సెప్పినా ఇప్పగాకు" అన్నాడు.

ఇంటికొచ్చి అట్లాగే కట్టాను. మీ కట్టుకు పూసినట్టే గుడ్డు తెల్లసొన కూడా పూశాను. మిగిలిన పచ్చసొన అట్టు వేసి ఆంటీ చేత మీకు పంపాను.

మీరు చెప్పిన నెలాఖరు దాటిపోయింది. ఇప్పుడు తీగను కదిలిస్తే చచ్చిపోతుంది. నన్ను పొమ్మన్నా పోతాను, దాన్ని మాత్రం ఉండనివ్వండి.

మీ
ఉదయలక్ష్మి

తా.క. మీది, దానిది ఒకే చోటి కట్టు. ఎవరిది ముందు అతుక్కుంటుందో చూద్దాం.

*

అమ్మాయ్ ఉదయలక్ష్మీ,

దీవించి ఎడమచేత్తో రాయునది. అక్షరాలు మందు కొట్టినట్టు ఉంటాయి, నేను కొట్టలేదు.

విషయం: తనిఖీ నివేదిక.

నొప్పికి రాత్రి నిద్ర లేదు. కింద పడుకుని మూలుగుతుంటే మీ ఆంటీ, "ఆ మూలిగేదేదో మిద్దె మీద మూలుగుపో" అన్నది. మెల్లగా ఒక్కో మెట్టూ పట్టుకుని పైకి వచ్చాను. నువ్వు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు.

చూశాను అమ్మా. టార్చి వేస్తే పందిరి నిండా తెల్లటి పూలు. ప్రతి దారం దగ్గరా నీ ముడి. అన్నిటికన్నా కింద, నా చేతికున్నట్టే బద్దలు, గుడ్డ, కట్టు. దాని పక్కన కూర్చుంటే ఆసుపత్రిలో పక్క మంచం మనిషి దగ్గర కూర్చున్నట్టే అనిపించింది. నా కాలి వల్లే దానికా గతి పట్టింది. చాలా బాధ వేసింది, అది ఎడమచేత్తో రాయడం కూడా కష్టంగా ఉంది. పిందె రంగు మారలేదు. నిలబడే ఉంది.

ఆ పక్కన ఒక ఆడపువ్వు విచ్చుకుని ఎదురు చూస్తోంది. నువ్వు రావడానికి ఇంకా టైముంది. బండి వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడితే పంపకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. నువ్వు రాసినట్టే మగపువ్వు తెంచి అద్దేశాను. దారం ఒంటిచేత్తో కట్టలేక పళ్ళతో పట్టుకున్నాను.

ఖాళీ నోటీసు తీగ కట్టు విప్పేదాకా వాయిదా వేయడమైనది. బూడిద డబ్బా మెట్ల కింద పెట్టాను. గుమ్మడికాయ కూడా దించాను, తీసుకో.

ఇట్లు,
మునిరత్నం

తా.క. తీగ కొత్త ఆకు వేసింది. నాకింకా వేళ్ళు కూడా ముడుచుకోవడం లేదు. ఒకే కట్టన్నావు, ఇదెక్కడి న్యాయం?

*

జనవరి నెల

కింద ఇంట్లో ఉండవలసినప్పటికీ ఉండని ఓనరు మునిరత్నం సార్ గారికి, మిద్దె మీది గదిలో ఉంటున్న ఉదయలక్ష్మి నమస్కరించి రాయునది.

విషయం: అర్ధరాత్రి మిద్దె మీద చప్పుడు గురించి.

సార్, నాకు పగటి షిఫ్టు వచ్చి నెల దాటింది. రాత్రిళ్ళు పడుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది. కానీ మీరు నా తలుపు ముందే కుర్చీ ఈడుస్తున్నారు. నీళ్ళు పోస్తున్నారు. నిన్న రాత్రి నిద్రలో ఉంటే, "ప్రయాణికులకు గమనిక, మూడవ నెంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న ఆడపువ్వు మరికొద్దిసేపట్లో విచ్చుకోనున్నది" అని వినిపించింది. బస్టాండులో నిద్రపోయానేమోనని లేచి సంచి వెతుక్కున్నాను.

ఒక్క సొరపాదు ఉన్న చోట ఇప్పుడు మీ పొట్ల, మీ బీర, మీ కాకర ఉన్నాయి. పొట్లకాయలకు రాళ్ళు కట్టి వేలాడదీశారు. పొద్దున డ్యూటీకి పోతుంటే ఒకటి నా నుదుటికి తగిలింది. ఆరో షరతు ఒకసారి చదువుకోగలరు. చాలా నీటుగా రాసి ఉంది.

కావున నా గుమ్మం ముందున్న తమరి పొట్లపాదు ఈ నెలాఖరుకు ఖాళీ చేయవలసింది. లేనియెడల ఖాళీ చేయించవలసి వస్తుంది.

ఇక అసలు సంగతి. ఈ సాయంత్రం సొరకాయను కదిలించాను. గలగలమంది సార్. మీ కోసం ఆగాలనుకున్నాను కానీ ఆగలేకపోయాను. తీగకు కట్టు విప్పాను. విరిగిన చోట మీ బొటనవేలంత లావు కణుపు కట్టి ఉంది. కాయ కోసి ఒళ్ళో పెట్టుకున్నాను. కొంగ మెడలా అదే వంపు, మా అమ్మ కాయే. కొయ్యగానే ఏడ్చాను, గింజలు పళ్ళెంలో పోసుకుని నవ్వాను. గెలిచాము సార్. పళ్ళెం నిండా గెలిచాము.

సగం గింజలు ఈ ఉత్తరంతో పాటు పాల సంచిలో పెడుతున్నాను. పాలు తీసేటప్పుడు జాగ్రత్త. యోగానంద గారు కూడా తనకు నాలుగు కావాలని కబురు పెట్టారు. ఇస్తాను, కానీ ముందు వీధి చివరి సెలూన్లో వెంట్రుకలు అడిగి తెచ్చుకోమనండి.

మీ
ఉదయలక్ష్మి

తా.క. ఆంటీ నిన్న నన్ను పక్కకు పిలిచి, "మీ సారు రేత్రిపూట పైన ఎవురితో మాట్లాడతా ఉండాడే?" అని అడిగారు. పువ్వులతో అని చెప్పాను. నమ్మలేదు. పొద్దున చూస్తే గేటుకు కొత్త నిమ్మకాయలు కట్టి ఉన్నాయి.