సున్నా మార్కుల సినిమా

ఆదివారం రాత్రి

తెలంగాణ కోసం నా కొడుకు రవి ప్రాణమిచ్చాక సినిమాకు పోవడం ఇవాళే. పక్కింటి ఖాజాబీ, నా బిడ్డ సరిత కలిసి బలవంతాన జనగామ తీసుకుపోయారు.

సినిమాలో పనివాడికి మన తెలంగాణ మాట పెట్టారు. వాడు నోరు తెరిస్తే చాలు, ఆ ఇంట్లో అందరూ నవ్వడమే.

బయటికి రాగానే సరిత మండిపడింది. "గిదేం సినిమా అవ్వా? అన్న ఉంటే సున్నా మార్కులేసి సగంలనే లేసి వస్తుండె!"

"పాటలకన్న జర రెండెయ్యి బిడ్డా. గప్పుడే నాకు మంచిగ నిద్రవట్టింది" అంది ఖాజాబీ.

"నువ్వెన్నేస్తవే అవ్వా?"

బస్సు వస్తోందని నేను ముందుకు నడిచాను.

సినిమాలో ఒకచోట ఆ పనివాడు వంటింటి ముసలామెతో "అవ్వా, ఆకలైతాంది, బువ్వ వెట్టు" అన్నాడు. రవి కాలేజీ నుంచి వస్తూనే అచ్చం అట్లనే అనేవాడు. చీకట్లో నేను లేవబోయాను, అన్నం పెట్టడానికి.

మన మాటను నవ్వులాట చేస్తే రవికి ఒళ్లు మండేది. అయినా రేపు ఎవరికీ చెప్పకుండా మళ్లీ పోవాలనుంది. ఆ ఒక్క మాట విని వచ్చేస్తాను. కోపం చేసుకోకు కొడుకా.