సోమవారం ఎవరి విజయం?

హారిస్‌బర్గ్, నవంబరు 6

గౌరవనీయులైన లావెర్న్ ఫెన్‌స్టర్‌మాకర్ గారికి,

మంగళవారం ఎన్నికలు ముగిశాయి. అధ్యక్షుడి ఎన్నికా కాంగ్రెసు సభల ఎన్నికా లేని ఏడాది కాబట్టి దేశం పెద్దగా పట్టించుకోలేదు. కానీ మన సంప్రదాయవాద ఉద్యమం నాడి దొరికేది ఇలాంటి ఏడాదిలోనే. మీ ఓబర్స్‌విల్‌లో స్కూలు బోర్డుకు ఐదు స్థానాలకు పోటీ జరిగింది. మనం ఎన్ని గెలిచాం? ఆ ఫలితం ఉద్యమానికి ఏం చెబుతోంది? ఊళ్లో పార్టీ కన్వీనరుగా మీరు ఒక పేజీలో రాసి పంపగలరు.

భవదీయుడు,
వెస్లీ ప్రెంటిస్
ఫలితాల విశ్లేషణ విభాగం

తా.క. ఓడిన ఊళ్లలో కన్వీనర్లను మార్చాలని పైవాళ్లు తీర్మానించారు. మీరు కంగారు పడకండి. మీరు ఓడలేదు కదా?

*

ఓబర్స్‌విల్, నవంబరు 10

వెస్లీ ప్రెంటిస్ గారికి,

ఐదూ గెలిచాం. ఐదూ ఓడాం.

వివరం ఇది. మా దగ్గర స్కూలు బోర్డుకు నిలబడేవాళ్లు రెండు పార్టీల తరఫునా పోటీ చేయవచ్చు. ఈ ఐదుగురూ అదే చేశారు. బ్యాలెట్లో మన వరసలో వాళ్ల పేర్లే, అవతలి వరసలోనూ వాళ్ల పేర్లే. ఎన్నికల రోజున పోలింగు కేంద్రమైన ఫైర్‌హాలు గుమ్మానికి ఈ పక్క నేను, ఆ పక్క అవతలి పార్టీ కన్వీనరు మెర్విన్ క్లైన్‌ఫెల్టర్ బల్లలు వేసుకుని అవే పేర్లున్న చీటీలు పంచాం. మధ్యాహ్నానికి నావి అయిపోతే అతని దగ్గర కొన్ని తీసుకున్నాను.

ఇక ఉద్యమానికి ఏం చెబుతోందన్నారు. సోమవారం అని చెబుతోంది. థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం జింకల వేట కోసం బడికి సెలవు ఉండేది. వేట ఇప్పుడు శనివారమే మొదలవుతోంది కదా అని పాత బోర్డు ఆ సెలవు తీసేసింది. తిరిగి ఇస్తామన్నవాళ్లు ఐదుగురూ గెలిచారు. అంతకు మించి ఏమీ లేదు.

ఇట్లు,
లావెర్న్ ఫెన్‌స్టర్‌మాకర్

తా.క. మా ఆయన పోయాక మా ఇంటికి మనుషులు వస్తున్నారంటే ఈ పదవి వల్లే. కాబట్టి గెలిచామనే రాసుకోండి. రెండూ నిజమే కనుక ఏది రాసినా అబద్ధం కాదు.

*

హారిస్‌బర్గ్, నవంబరు 13

విజేత లావెర్న్ గారికి అభినందనలు!

మీ నివేదిక చదివి ఆఫీసంతా లేచి నిలబడింది. మన పత్రిక మొదటి పేజీలో ‘ఓబర్స్‌విల్‌లో సోమవారం ఉద్యమం’ అని వేస్తున్నాం. మీరు జింకలని రాశారు. నాకు అందులో తుపాకీ హక్కు, కుటుంబం, దైవభక్తి కనిపించాయి. ‘ఐదూ ఓడాం’ అన్నది చేతి తొందరలో పడిన మాట అనుకుని తీసేశాను.

గెలిచినవారి ఫోటో పంపండి.

మీ అభిమాని,
వెస్లీ

తా.క. ఈ సోమవారం ఉద్యమ నాయకుడెవరు? దాతల విందులో మాట్లాడించాలి. మాంసం తింటారా?

*

ఓబర్స్‌విల్, నవంబరు 17

వెస్లీ బాబుకు,

నాయకుడంటూ ఎవరూ లేరు. బోర్డు మీటింగులో గట్టిగా మాట్లాడింది ఒక పాల లారీ డ్రైవరు. “సోమవారం మావాడు ఎలాగూ రాడు మేడం. మీరు హాజరు వేసుకోండి, మేం జింకను వేసుకుంటాం” అన్నాడు బోర్డు అధ్యక్షురాలితో. వెనక వరసలోంచి లెక్కల టీచరు లేచి, “ఆ రోజు క్లాసులో నేనూ గోడ గడియారమే మిగులుతాం. అది కూడా నన్ను చూసి జాలిపడుతోంది” అంది. డ్రైవరు మనకు ఓటేస్తాడు. టీచరు అవతలివాళ్లకు వేస్తుంది. ఇద్దరికీ చప్పట్లు కొట్టింది ఒకే జనం.

దైవభక్తి మాట మీటింగులో ఎవరూ ఎత్తలేదు. మీరు ఎక్కడ చూశారో నాకు తెలియలేదు.

కొత్త బోర్డు డిసెంబరులో గానీ కూర్చోదు. అంటే ఈ ఏడాది సెలవు లేదు. పిల్లలు రారనుకోండి, అది వేరే సంగతి.

ఉంటాను,
లావెర్న్

తా.క. ఫోటో పంపుతున్నాను. తీసింది మెర్విన్. బాగా వచ్చిందని వాళ్ల ఆఫీసుకూ ఒకటి పంపాడట.

*

హారిస్‌బర్గ్, నవంబరు 21

లావెర్న్ ఫెన్‌స్టర్‌మాకర్ గారికి,

అవతలి పార్టీ పత్రిక మా బల్ల మీద ఉంది. అదే ఫోటో. అదే ఐదుగురు. పైన ‘శ్రామికుల సెలవుకు ఘనవిజయం’ అని శీర్షిక. పొద్దుటి నుంచి దాతల ఫోన్లు. ఒకాయన, “ఒరే అబ్బాయ్, మనం గెలిచామా, మనల్ని గెలిచారా? అది తేలాకే చెక్కు” అన్నాడు.

పైవాళ్లు రెండు గంటలు చర్చించారు. వాళ్లు గెలిచారంటే మనం ఓడినట్టే అని తేల్చారు. కావున మిమ్మల్ని కన్వీనరు పదవి నుంచి తప్పిస్తున్నాం. మీ స్థానంలో ఊరివాళ్లలోనే ఒకరిని చూసి పేరు పంపండి.

విచారంతో,
వెస్లీ ప్రెంటిస్

తా.క. ఇది నా సొంత మాట. ఆ శీర్షిక చదివినప్పుడు, అది మనకు తట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఎవరితోనూ అనకండి.

*

ఓబర్స్‌విల్, నవంబరు 26

వెస్లీ బాబుకు,

మీరు చెప్పినట్టే ఇల్లిల్లూ తిరిగి అడిగాను. అందరూ కాఫీ ఇచ్చారు, ఎవరూ ఒప్పుకోలేదు. “నువ్వున్నావుగా లావెర్న్, మళ్లీ మేమెందుకు?” అన్నారు. నన్ను తీసేశారని చెబితే, “అయితే అస్సలు వద్దు” అన్నారు.

సాయంత్రం మెర్విన్ వచ్చాడు. టోపీ తీయకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

“మావాళ్లు నన్ను పీకేశారు” అన్నాడు.

“నిన్నెందుకు?”

“మీవాళ్లు గెలిచామని అచ్చేశారట. కాబట్టి మేం ఓడామట. నా బదులు ఇంకో మనిషిని నన్నే వెతకమన్నారు. నీకెవరైనా దొరికారా?”

“లేదు. నీకో?”

“నాకూ లేదు.”

లేచి అతనికి కాఫీ పోశాను. తర్వాత ఒకేసారి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మర్నాడు ఓటర్ల నమోదు చూసే కోర్టుహౌసుకు వెళ్లి, ఓటరు జాబితాలో పార్టీ మార్పు కార్డులు నింపాం. కౌంటరులో అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చూసి, “అంకుల్, ఆంటీ, మీరిద్దరూ పోట్లాడుకున్నారా, కలిసిపోయారా?” అని అడిగింది. మెర్విన్ తల గోక్కుని, “ఆఫీసువాళ్లు తేల్చి చెబుతారమ్మా” అన్నాడు.

కాబట్టి మీరడిగిన పేరు: మెర్విన్ క్లైన్‌ఫెల్టర్. అనుభవం ఉంది, సొంత బల్ల ఉంది. అతని ఖాళీలో నేను చేరాను. రెండు ఆఫీసులూ కోరినట్టు ఊళ్లో ఇద్దరు కన్వీనర్లూ మారారు. నాకు అలవాటు కనుక గుమ్మానికి ఈ పక్కనే కూర్చుంటాను. బల్ల మీద గుడ్డ రంగు మాత్రం మారుతుంది.

ఇక నుంచి మీకు ప్రత్యర్థిని,
లావెర్న్ ఫెన్‌స్టర్‌మాకర్

తా.క. ఓడినవాళ్లను మార్చే తీర్మానం ఇంకా అమల్లో ఉందా అని మెర్విన్ అడగమంటున్నాడు. రెండేళ్లకు మిగతా నాలుగు స్థానాలకు ఎన్నికలు. పోటీ చేస్తామన్న నలుగురూ ఇప్పటికే రెండు పార్టీలకూ మాట ఇచ్చారు. అందుకని మార్పు కార్డులు ఇంకో జత తెచ్చి పెట్టుకున్నాం. సంతకాలు కూడా పెట్టేశాం, తారీఖు వేయడమే మిగిలింది.