కొండకు ఈ చివరా ఆ చివరా

డుంబ్రిగుడ,
12 జనవరి 2005

స్టూడియో సర్వేశ్వరరావు గారికి, కాఫీ రైతు ధర్మ నమస్కరించి రాయునది.

మా కాఫీ కొండను ఆ చివర నుంచి ఈ చివరకు తొమ్మిది ఫొటోలు తీసి, కడిగించి, విశాఖపట్నం బస్సులో పంపాను. కంప్యూటర్లో మీరు వాటిని ఒకే ఫొటోగా కుడతారని విన్నాను. అది మా అమ్మ కోసం. ఎందుకన్నది రాయాలంటే మొహమాటంగా ఉంది. రెండు చివర్లు మాత్రం తెగకూడదు.

ఇట్లు,
ధర్మ

తా.క.: కుట్టుకి ఏ రంగు దారం వాడతారని మా పెద్దక్క దేముడమ్మ అడుగుతోంది. ఆకుపచ్చదైతే కొండలో కలిసిపోతుందట.

*

విశాఖపట్నం,
20 జనవరి

ధర్మ గారికి నమస్తే.

దారంతో పని లేదు, సాఫ్ట్‌వేర్ కుడుతుంది. నా దగ్గరున్న మూడింటితోనూ కుట్టి చూశాను. మొదటిది కొండను అరటికాయలా వంచేసింది. రెండోది ఆకాశానికి మాసికలు వేసింది. మూడోది చక్కగా అతికింది. కానీ మూడింట్లోనూ ఒకటే తప్పు. ఎడమ చివర ఆకుపచ్చ చీరలో ఉన్నావిడే కుడి చివరా ఉన్నారు. ఫొటోకీ ఫొటోకీ మధ్య మనిషి నడిచి వెళ్తే ఇలా రెండుసార్లు పడతారు. మా పనిలో దీన్ని దయ్యం అంటాం. కుడివైపు దయ్యాన్ని చెరిపేసి, ఆ చోట కాఫీ మొక్కలు పెట్టి ప్రింటు పంపుతున్నాను.

మీ
సర్వేశ్వరరావు

తా.క.: పెద్దది చేసి చూస్తే, కుడి చివరకు చేరేసరికి ఆవిడ మొహం చిటపటలాడుతోంది. పాపం, నడక ఎక్కువైనట్టుంది.

*

డుంబ్రిగుడ,
27 జనవరి

సర్వేశ్వరరావు గారికి,

కొంప ముంచారు. మీరు చెరిపింది దయ్యం కాదు, మా చిన్నక్క అచ్చియమ్మ. ఎడమ చివరున్న పెద్దక్కా ఆవిడా కవలలు. పనసచెట్టు తగవుతో ఏడేళ్లుగా మాటల్లేవు. మంచం పట్టిన అమ్మకేమో ఇద్దరినీ ఒక్క ఫొటోలో చూసుకోవాలని ఆశ. పక్కపక్కన నిలబడమంటే ససేమిరా అన్నారు. అందుకే కొండకు చెరో చివర నిలబెట్టాను. చీరలంటారా, ఒకరికి తెలియకుండా ఒకరు సంతలో ఒకటే కొన్నారు.

ప్రింటు చూద్దామని ఇద్దరూ అమ్మ దగ్గరకు వచ్చినప్పుడే మీ ఉత్తరం పైకి చదివాను. "బతికున్న మనిసిని దెయ్యాన్ని సేసీనాడేటి" అని చిన్నక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దక్క లేచింది. "మా సెల్లిని తీసీడానికి ఆడెవుడు? ఏడేళ్ల కోపంలో నానే తియ్యలేకపోనాను" అంది.

దయచేసి చిన్నక్కను తిరిగి పెట్టండి.

ఇట్లు,
ధర్మ

తా.క.: మీరు పెట్టిన కాఫీ మొక్కలు ఎండలో ఉన్నాయట. నీడ చెట్టు లేకపోతే చచ్చిపోతాయని అమ్మ చెప్పమంది.

*

విశాఖపట్నం,
3 ఫిబ్రవరి

ధర్మ గారికి,

తప్పయిపోయింది. దయ్యాన్ని తీసే మీట ఉంది గానీ, అక్కను గుర్తుపట్టే మీట ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. అచ్చియమ్మ గారిని తిరిగి పెట్టాను. అయితే నాలుగడుగుల ప్రింటులో కూడా ఇద్దరూ బియ్యపు గింజంతే ఉన్నారు. మీరు సరేనంటే మధ్యలో కొండను కత్తిరించి ఇద్దరినీ దగ్గరకు జరుపుతాను.

మీ
సర్వేశ్వరరావు

తా.క.: నా మొక్కలు పీకేశాను. అమ్మగారిని బెంగపడవద్దని చెప్పండి.

*

డుంబ్రిగుడ,
10 ఫిబ్రవరి

సర్వేశ్వరరావు గారికి,

కొండ జోలికి వెళ్లకండి. అక్కలే జరిగారు. ఇద్దరూ కలిసి మిమ్మల్ని తిట్టడం మొదలుపెట్టి, తిట్టి తిట్టి పనసచెట్టు తగవు దాకా వచ్చి, అక్కడ ఆగి, ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నిన్న అమ్మ మంచానికి చెరోపక్క కూర్చున్నారు. అమ్మ ఇద్దరి చేతులూ వదల్లేదు. "ఇంక పొటో ఎందుకురా" అంది. నాకూ ఏడుపొచ్చింది.

అయినా ఒకటి తీశాను. రీలు పంపుతున్నాను. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ఇట్లు,
ధర్మ

తా.క.: అమ్మ దాన్ని కొంగున ముడేసుకుంటుందట. పాస్‌పోర్టు సైజు చాలు, ముగ్గురూ పడతారు.