నీళ్ళ ట్రే

కడప

ప్రియమైన అవ్వకు,

మహిమ వందనాలు. నందికొట్కూరు నుంచి నువ్వు పంపిన తిప్పతీగ అందింది. మూట విప్పగానే ల్యాబంతా మన కంచె వాసన. ఫోనులో నీకు మాట సరిగా వినపడదు కనుక నా పరిశోధన సంగతి ఇందులోనే చెబుతాను. రెండు ట్రేలలో పట్టుపురుగులు ఉంటాయి. వారం పాటు ఒక ట్రేకు తిప్పతీగ కషాయం చల్లిన మల్బరీ ఆకు, రెండో ట్రేకు ఒట్టి నీళ్ళు చల్లిన ఆకు పెడతాను. తర్వాత రెండింటికీ బూజు అంటిస్తాను. కషాయం ట్రే బతికి నీళ్ళ ట్రే చస్తే నా పీహెచ్‌డీ గట్టెక్కినట్టే. చిక్కల్లా బూజుతోనే. గాజు గిన్నెల్లో చక్కెర గంజి తాగి తాగి సోమరిపోతయింది. ఒక్క పురుగునూ చంపడం లేదు!

నీ మహిమ

తా.క.: బూజును బతికున్న పురుగుల్లో ఒక విడత పెంచమని మా గైడు ఉమామహేశ్ సారు అన్నారు. కష్టపడితే కోరలు మళ్ళీ మొలుస్తాయట. నా గురించి కూడా ఆయన ఇదే మాట అంటుంటారు.

*

మనవరాలు మహిమను దీవించి అవ్వ రాహేలమ్మ వ్రాయునది.

ప్రభువు కృప వల్ల ఇక్కడ క్షేమం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జబ్బు తగ్గించే చదువనుకుంటే అంటించే చదువా? పైగా చావడం లేదని బాధా? ఒకే గదిలో పెరిగే పురుగులకు పంక్తిలో భేదమేమిటి? చర్చిలో అందరం కలిసి తినే ప్రేమవిందుకు ఆలస్యంగా వచ్చినవాడికి కూడా రెండు కూర ముక్కలు తీసి దాచిపెడతాం. ఆదివారం చర్చిలో ప్రార్థన కోరాను. "ఏమమ్మా, పురుగులకు గూడా ప్రార్థన చేయాల్నా? మనుషులే శానామంది కాచుకోనుండారే!" అన్నాడు ఏసేపు పాస్టరు. అయినా చేశాడు.

ఇట్లు
అవ్వ

తా.క.: కంటి పరీక్షకు కడప వస్తున్నాను. వారం ఉంటాను. పగలంతా నీ పురుగుల దగ్గర కూర్చుంటాలే.

ఇంకో మాట: ఒక్క పురుగూ చావకూడదని ప్రార్థించాం. నీకు కావలసింది అదే కదా?

*

అవ్వా,

వందనాలు. నువ్వు ఊరు చేరావని జయపాల్ మామ చెప్పాడు. కొత్త అద్దాలు కుదిరాయా? ఇక్కడ నా కొంప మునిగింది. బూజుకు కోరలు మొలిచాయి. పక్క గదిలో పురుగులను ఊడ్చిపెట్టింది. అదే బూజు అంటించినా నా రెండు ట్రేలు మాత్రం చెక్కుచెదరలేదు! కషాయం తాగినవీ బతికాయి, నీళ్ళు తాగినవీ బతికాయి. "నీళ్ళకే బతుకుతాంటే ఇంక నీ తిప్పతీగ యాలమ్మా?" అని సారు నవ్వేశారు. సోమవారం కమిటీలో నా పరిశోధన కొట్టేస్తారట. మూడేళ్ళ కష్టం. ఏడుపొస్తోంది అవ్వా.

మహిమ

తా.క.: మీ సంఘం కాస్త తక్కువగా ప్రార్థించి ఉంటే బాగుండేది.

*

బంగారు తల్లి మహిమకు అవ్వ దీవెనలు.

ఏడవకు. సోమవారానికి ముందే ఈ ఉత్తరం మీ సారు చేతిలో పెట్టు. నీళ్ళ ట్రే నీళ్ళకు బతకలేదు. నువ్వు అన్నానికి పోయినప్పుడల్లా సీసాలోని కషాయం ఆ ట్రే ఆకుకు కూడా నేనే చల్లాను. ఒక్కరోజూ మానలేదు.

తిట్టుకో, పడతాను. కరోనా ఏడు మీ తాత జ్ఞానరాజుకు ముక్కులో నల్ల బూజు పట్టినప్పుడు వార్డుకు కొన్ని ఇంజెక్షన్లే వచ్చాయి. పక్క మంచం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ మంచం మనిషి బతికాడు. మొన్న సంతలో కనబడి నా సంచి మోసిపెట్టాడు. మంచివాడు, అతని మీద నాకు కోపం లేదు. కానీ నీ రెండు ట్రేల నడుమ కూర్చున్నానా, నీళ్ళ ట్రేలో నాకు మీ తాతే కనబడ్డాడు తల్లీ. చేతికందే దూరంలో మందుంది. ఎట్లా ఊరుకునేది?

నువ్వు మళ్ళీ మొదటినుంచి చేయాలి. ఒక ట్రేకు నీళ్ళే పెట్టాలి. అవి చస్తే గానీ మందు పనిచేసిందని నలుగురూ నమ్మరు. తెలిసింది. ఈ ఉత్తరంతో పాటే తిప్పతీగ ఇంకో మూట జయపాల్‌తో పంపుతున్నాను.

ఇట్లు
నీ చదువు చెడగొట్టిన అవ్వ

తా.క.: ఈసారి నేను రాను. వస్తే చెయ్యి ఊరుకోదు.